రెండు డిస్కుల ఇంటి నాస్: పనితనం బాగుంది, రోగం మాత్రం చెప్పదు

ఇంట్లోని ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు, ల్యాప్‌టాప్‌ల బ్యాకప్‌లు అన్నీ ఒకేచోట ఉంచుకోవడానికి నాస్ అని పిలిచే చిన్న స్టోరేజ్ సర్వర్‌ను కొనేవారు సాధారణంగా మూడు విషయాలు చూస్తారు: ఎన్ని డిస్కులు పడతాయి, వేగం ఎంత, యాప్ ఎంత సులువు. నేను వాడుతున్న ఈ రెండు డిస్కుల పెట్టె ఆ మూడింటిలోనూ మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ప్రకటనల్లో ఎక్కడా కనిపించని నాలుగో విషయం ఒకటుంది. ఫైలు కాపీ మధ్యలో ఆగిపోయినప్పుడు, వేగం పడిపోయినప్పుడు, కంప్యూటర్‌కు సర్వర్ అసలే కనిపించనప్పుడు, కారణం వెతుక్కునే మనిషికి ఈ యంత్రం ఏ మేరకు సాయపడుతుంది అన్నదే ఆ విషయం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ తరగతి పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది లైనక్స్, దాని మీద విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే సాంబా కాబట్టి, నేను ఎత్తిచూపే ఇబ్బందుల్లో సగానికి పైగా వేరే పేరున్న పెట్టె కొన్నవారికీ ఎదురయ్యేవే.

యంత్రం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. నాలుగు కోర్ల ఆర్మ్ ప్రాసెసర్, పెంచుకోవడానికి వీల్లేని 2 జీబీ మెమరీ, ఒక 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు, రెండు యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. డిస్కులు బిగించడానికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు. ఫ్యాన్ చప్పుడు పట్టించుకోనంత తక్కువ. రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉండే రెయిడ్ 1 పద్ధతిలో అమర్చడం, వాడేవారి పేర్లు, షేర్ ఫోల్డర్లు తయారుచేయడం యాప్ అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోతే ఒక కూర్చోవడంలో పూర్తవుతుంది. ఈ భాగంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కు మొదటి పెద్ద కాపీతో మొదలైంది. ఒక పెద్ద వీడియో ఫైలును పంపితే వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయింది. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉంటే చాలా సమయం మిగులుతుంది. నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు కాపీ వేగాన్ని బైట్లలో చూపిస్తారు, ఎనిమిది బిట్లు ఒక బైటు. గిగాబిట్ లింకు అంటే సిద్ధాంతం ప్రకారం సెకనుకు 125 మెగాబైట్లు. ప్యాకెట్ల శీర్షికలు వగైరా పోను ఆచరణలో 110 నుంచి 113 వరకు వస్తుంది. పాత 100 మెగాబిట్ లింకు అయితే 12.5, చేతికందేది 11 చిల్లర. కాబట్టి 11 దగ్గర కదలకుండా నిలిచిన అంకె డిస్కు నెమ్మదనానికి గుర్తు కాదు, సర్వర్ బలహీనతకూ గుర్తు కాదు. దారిలో ఎక్కడో ఒక లింకు 100 మెగాబిట్‌కు దిగిపోయిందని అది దాదాపు కచ్చితంగా చెబుతోంది.

యాప్‌లోని ‘నెట్‌వర్క్ పరీక్ష’ మీట నొక్కితే ఆకుపచ్చ టిక్కు వచ్చి ‘అంతా బాగుంది’ అంది. అది పరీక్షించినది రౌటర్ పలుకుతోందా, ఇంటర్నెట్ అందుతోందా అన్న రెండే. లింకు ఏ వేగంతో కుదిరిందన్న అంకె సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగి, ‘అధునాతన’ అనే పేజీ అడుగున ఉంది. అక్కడ 100 అని స్పష్టంగా కనిపించింది. 2.5 గిగాబిట్ పోర్టున్న యంత్రం తాను 100 మెగాబిట్‌లో నడుస్తున్న సంగతి తెలిసి కూడా మొదటి తెరమీద ఆకుపచ్చ టిక్కు వేయడాన్ని నేను చిన్న లోపంగా లెక్కపెట్టలేను. ఒక్క పసుపు గుర్తు, ‘లింకు ఉండవలసిన దానికంటే తక్కువ వేగంలో ఉంది, కేబుల్ చూడండి’ అన్న ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది.

తప్పు పెట్టెతో పాటు వచ్చిన పల్చటి చదును కేబుల్‌లో ఉంది. 100 మెగాబిట్ ఈథర్నెట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండు చాలు. 1, 2, 3, 6 సంఖ్యల పిన్నులు పనిచేస్తే గడిచిపోతుంది. గిగాబిట్‌కూ, 2.5 గిగాబిట్‌కూ నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. వేగం గురించిన తొలి సంప్రదింపు ఆ మొదటి రెండు జతల మీదే జరుగుతుంది కనుక రెండు పక్కల పరికరాలూ పై వేగానికి ఒప్పుకుంటాయి. తీరా మిగతా జతల మీద సంకేతం అందకపోవడంతో కొన్ని పరికరాలు 100కు దిగి సర్దుకుంటాయి, ఆ తెలివి లేనివాటిలో లింకు కలుస్తూ తెగుతూ ఉంటుంది. ప్లగ్‌ను వెలుగుకు పెట్టి చూస్తే ఎనిమిది బంగారు పూత రేకుల్లో ఏడోది మిగతావాటికంటే వెంట్రుకవాసి పైకి నిలిచి ఉంది. క్రింప్ చేసేటప్పుడు అది తీగదాకా దిగలేదు. మామూలు గుండ్రటి క్యాట్ 5ఈ కేబుల్ మార్చగానే ల్యాప్‌టాప్‌లోని గిగాబిట్ పోర్టు నుంచి 112 వచ్చింది. క్యాట్ 5ఈ గిగాబిట్‌కు 100 మీటర్ల దాకా సరిపోతుంది, 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ ప్రమాణం కూడా అదే కేబుల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినదే. అంగట్లో ‘క్యాట్ 8’ అని రాసి ఉన్న ఖరీదైన కేబుల్ కొనాల్సిన పని ఎవరికీ లేదు.

ఇలాంటి చోట డిస్కును పక్కనపెట్టి నెట్‌వర్క్‌ను మాత్రమే కొలిచే ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనం చాలా ఉపయోగపడుతుంది. సర్వర్‌లో ఒక కాపీ, కంప్యూటర్‌లో ఒక కాపీ నడిపితే రెంటి మధ్య ఎంత పారుతోందో చెబుతుంది. అందులో 940 మెగాబిట్లు వచ్చి ఫైలు కాపీ మాత్రం 40 మెగాబైట్లే వస్తే తప్పు డిస్కులోనో, ఎన్‌క్రిప్షన్‌లోనో (తాళపుచెవి లేనివారు చదవలేకుండా ఫైళ్లను గుప్తంగా మార్చడం), ఫైళ్ల తీరులోనో ఉందని తేలిపోతుంది. అందులోనే తక్కువ వస్తే కేబుల్, స్విచ్, వైఫై వైపు చూడాలి. ఈ పెట్టెలో అది ముందుగా వేసి ఉండదు, యాప్ దుకాణంలోనూ దొరకదు. కమాండ్ లైన్‌లోకి వెళ్లడానికి భయపడనివారు కంటైనర్ (తనకు కావలసినవన్నీ వెంట తెచ్చుకునే ప్రోగ్రామ్ పొట్లం) రూపంలో నడుపుకోవచ్చు. ఫోటోల్లో ముఖాలు గుర్తుపట్టే యాప్‌కు చోటు ఉండి దీనికి లేకపోవడం ఈ కంపెనీ ఎవరిని దృష్టిలో పెట్టుకుందో చెబుతుంది.

రెండో చిక్కు విండోస్‌తో. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ నొక్కితే సర్వర్ ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు. ఐపీ అడ్రస్ నేరుగా టైప్ చేస్తే మాత్రం ఎప్పుడూ తెరుచుకుంటుంది. దీన్ని బట్టి ఫైళ్లు నడిచే 445 పోర్టు (ఇది నెట్‌వర్క్‌లో ఒక సేవకు ఇచ్చే సంఖ్య, కేబుల్ పెట్టే చోటు కాదు) బాగానే ఉందని, పేరు వెతికి చూపించే ఏర్పాటు మాత్రమే తప్పుతోందని అర్థమవుతుంది. ఒకప్పుడు ఆ జాబితా, విండోస్ ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతి తొలి రూపమైన ఎస్‌ఎంబీ 1 అనే పాత ప్రోటోకాల్ మీద ఆధారపడేది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వ్యాపించింది ఆ ప్రోటోకాల్‌ను విండోస్ నడిపే తీరులోని లోపం గుండానే. అదే సంవత్సరం వచ్చిన విండోస్ 10 1709 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో అది ముందుగా ఉండటం లేదు. దాని స్థానంలో డబ్ల్యూఎస్ డిస్కవరీ వచ్చింది. ఈ పెట్టెలో ఆ సేవ ఉంది కానీ ముందుగా ఆపివేసి ఉంటుంది, పైగా సెట్టింగ్స్‌లో ‘ఫైల్ సేవలు’ కింద కాకుండా ‘మీడియా’ కింద ఉంటుంది. సహాయక విభాగానికి రాస్తే వచ్చిన మొదటి సలహా విండోస్‌లో ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమని. జాబితాలో ఒక బొమ్మ కనిపించడం కోసం అలాంటి తలుపు తెరవమనడం బాధ్యత లేని సలహా. డబ్ల్యూఎస్ డిస్కవరీ ఆన్ చేసి, రౌటర్‌లో సర్వర్‌కు స్థిరమైన ఐపీ కేటాయించి, ఆ అడ్రస్‌తో డ్రైవ్ అక్షరం మ్యాప్ చేసుకుంటే జాబితాతో పనే ఉండదు. సర్వర్ అడ్రస్ 169.254తో మొదలవుతుంటే మాత్రం అది వేరే కథ: రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదన్నమాట. గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కు సర్వర్ కనిపించకపోవడం లోపం కాదు, గెస్ట్ వైఫై పెట్టేదే అందుకు.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా రానివ్వకపోవడం గురించి కూడా చెప్పాలి. ఒకే సర్వర్‌కు ఒకే విండోస్ లాగిన్ నుంచి రెండు వేర్వేరు పేర్లతో కలవడానికి విండోస్ ఒప్పుకోదు. 1219 అనే సంఖ్యతో పొరపాటు చూపిస్తుంది. ఇంట్లో ఒకరి పేరుతో తెరిచిన ఫోల్డర్ వెనకాల తెరిచే ఉంటే రెండోవారి పేరు చెల్లదు. పాత కనెక్షన్‌ను తెంచి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పేరు తీసేస్తే సరిపోతుంది. అలాగే 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో రకంలో ఎస్‌ఎంబీ సంతకం, అంటే దారిలో ఎవరూ మార్చలేదని ప్రతి సందేశానికీ వేసే గుర్తు, తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌లో సంతకం చేయడానికి తాళపుచెవే పుట్టదు కనుక, నిన్నటిదాకా తెరుచుకున్న గెస్ట్ ఫోల్డర్ అప్‌డేట్ తర్వాత మూసుకుపోయి జనం సర్వర్‌ను తిట్టుకుంటారు. ఈ పెట్టె విషయంలో మెచ్చుకోవలసినది ఏమిటంటే, గెస్ట్ షేర్ తయారుచేయబోతే ముందే హెచ్చరిస్తుంది. సంతకం వల్ల ప్రాసెసర్ మీద భారం పెరిగినా గిగాబిట్ వేగంలో తేడా గమనించలేదు.

వైఫై గురించి ఎక్కువ రాయను. ల్యాప్‌టాప్ తెరమీద 866 మెగాబిట్లు అని కనిపించినా అందులో సగం చేతికందితే అదృష్టమే. గాలిలో ఒక చానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడగలరు. మొదటిసారి మొత్తం ఎక్కించే బ్యాకప్‌ను వైఫై మీద మొదలుపెట్టకండి.

2.5 గిగాబిట్ స్విచ్ పెట్టి చూసినప్పుడు కాపీ మొదట సెకనుకు 280 మెగాబైట్ల దగ్గర పరుగెత్తి, కాసేపటికి 170కి పడిపోయింది. ఇందులో రోగం ఏమీ లేదు. మొదట వచ్చినవి సర్వర్ మెమరీలోకి వెళతాయి. అది నిండాక డిస్కు తన అసలు వేగం చూపిస్తుంది. రెయిడ్ 1లో రాసేటప్పుడు రెండు డిస్కులూ అదే సమాచారాన్ని రాయాలి కాబట్టి వేగం ఒక్క డిస్కుదే. డిస్కు నిండేకొద్దీ లోపలి వలయాల్లోకి వెళ్లి ఇంకా తగ్గుతుంది. కాబట్టి పెట్టె మీద రాసిన 2.5 గిగాబిట్ అనే మాట హార్డ్ డిస్కులు వేసుకునేవారికి పూర్తిగా అందేది కాదు. అయితే వేగం 170కి కాక, 20కో 10కో పడిపోయి, ఆగుతూ సాగుతూ ఉంటే ఎస్‌ఎంఆర్ రకం డిస్కులని అనుమానించాలి. వాటిలో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పాతచోట కొత్త సమాచారం రాయాలంటే ఆ పట్టీ మొత్తాన్ని తిరగరాయాలి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన నాస్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఆ రకమేనని వెల్లడించాక ఈ సంగతి చాలామందికి తెలిసింది. సర్వర్ తయారీదారు తన వెబ్‌సైట్‌లో సరిపోయే డిస్కుల జాబితా ఇచ్చాడు కానీ ఏవి ఎస్‌ఎంఆరో అందులో రాయలేదు. డిస్కు కొనేముందు దాని డేటాషీట్‌లో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని రకం) అన్న మాట చూసుకోవాలి.

ఒక పెద్ద వీడియో 112తో వెళ్లిన దారిలోనే వేలకొద్దీ చిన్న ఫోటోల ఫోల్డర్ 15తో వెళ్లడం చూసి మళ్లీ కేబుల్ మార్చనక్కర్లేదు. ప్రతి ఫైలుకూ తెరవడం, అనుమతి చూడడం, తేదీ రాయడం, మూయడం అనే సంభాషణ జరుగుతుంది, ఆ కాస్త సమయమే వేలసార్లు కూడుతుంది. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ సాధనానికి ఒకేసారి అనేక ఫైళ్లు పంపే వీలుంది కాబట్టి దానితో కొంత నయం. మధ్యలో తెగినచోటి నుంచి మళ్లీ అందుకోవడం, మొదటికి రాకపోవడం కూడా దాని గుణమే. లైనక్స్‌లో ఆ పని ఆర్‌సింక్ చేస్తుంది.

ఇక తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది, దీన్ని ఏ సమీక్షలోనూ నేను చూడలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్‌లోకి స్కాన్‌ల సంచయం కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్ల దగ్గర మాత్రమే ‘అనుకోని పొరపాటు’ అని వచ్చి ఆగిపోయేది. ఆగినవన్నీ పొడవైన తెలుగు పేర్లున్నవే. విండోస్ డిస్కు మీద ఫైళ్లు సర్దే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి ఒక పేరుకు 255 యూనికోడ్ గుర్తులను అనుమతిస్తుంది. సర్వర్‌లోని లైనక్స్ ఫైల్ సిస్టమ్ 255 బైట్లను అనుమతిస్తుంది. ఇంగ్లీషు పేరుకు ఈ రెండూ ఒకటే. సర్వర్ పేర్లు రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు కావడంతో మనకు మిగిలేది 85 గుర్తులు. ఎన్‌క్రిప్షన్‌కు ఈ పెట్టె వాడే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పేరును కూడా గుప్తంగా మార్చి పొడిగిస్తుంది కాబట్టి పరిమితి 143 బైట్లకు, అంటే 47 తెలుగు గుర్తులకు పడిపోతుంది. గుర్తు అంటే అక్షరం కాదని కూడా గమనించాలి. ‘స్త్రీ’ చూపుకు ఒక్క అక్షరమే. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు, సర్వర్ లెక్కలో 18 బైట్లు. ఒత్తులు, గుణింతాలతో కూడిన మామూలు తెలుగులో 47 గుర్తులంటే ఇరవై పైచిలుకు అక్షరాలే. ఊరు, తేదీ, సందర్భం కలిపి పేరు పెట్టే అలవాటున్నవారికి ఇది ఏమూలకూ చాలదు. ఎన్‌క్రిప్షన్ లేని ఫోల్డర్‌లో అవే ఫైళ్లు ఏ పేచీ లేకుండా వెళ్లాయి. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిలో పేర్ల మీద ఈ అదనపు కోత ఉండదు, ఈ పెట్టెలో ఆ పద్ధతి లేదు. సహాయక విభాగం ఈసారి సూటిగా, మర్యాదగా జవాబిచ్చి 143 అన్న పరిమితి నిజమేనని ఒప్పుకుంది; మాన్యువల్‌లో దాన్ని ‘143 ఇంగ్లీషు అక్షరాలు’ అని రాశారు, మిగతా లిపుల సంగతి చెప్పలేదు.

అన్నిటికంటే నాకు నచ్చనిది ‘నెట్‌వర్క్ వేగవంతం’ అనే మీట. దాని వెనక జరిగేది ప్యాకెట్ పరిమాణాన్ని 1500 నుంచి 9000 బైట్లకు పెంచడం. దారిలోని స్విచ్, అవతలి కంప్యూటర్ కూడా అందుకు సిద్ధంగా ఉంటేనే అది పనిచేస్తుంది. యాప్ ఆ సంగతి అడగదు, పరీక్షించదు. నొక్కాక పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని పంపే చిన్న సందేశం) వెళుతుంది, లాగిన్ అవుతుంది, చిన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. పెద్ద ఫైలు తెరవబోతే మాత్రం తెర బిగుసుకుపోతుంది. చిన్నవి దాటి పెద్దవి ఆగిపోవడం ఈ లోపానికి ప్రత్యేకమైన ఆనవాలు. ముక్కలు చేయవద్దనే షరతుతో 8972 బైట్ల పింగ్ పంపితే, శీర్షికల 28 బైట్లు కలిపి సరిగ్గా 9000 అవుతుంది. అది తిరిగి రాకపోతే ఆ మీట ఆపేయాలి. దీనివల్ల మెచ్చుకోదగ్గ లాభమేమీ రాని గిగాబిట్ ఇంటి నెట్‌వర్క్‌లో ఇలాంటి మీటను మొదటి పేజీలో పెట్టి, లింకు వేగాన్ని చివరి పేజీలో దాచడం వెనక ఉన్న ఆలోచన నాకు అంతుపట్టలేదు.

బయటి నుంచి ఫైళ్లు అందుకోవడానికి కంపెనీ ఇచ్చే మార్గం తన సొంత సర్వర్ల మీదుగా తిప్పి పంపుతుంది కాబట్టి నెమ్మది. మాన్యువల్ చెప్పినట్టు రౌటర్‌లో పోర్టులు తెరవడం మాత్రం వద్దు. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు పట్టుకున్నది ఇంటర్నెట్‌కు అలా తెరిచి ఉంచిన ఇంటి నాస్ పెట్టెలనే. బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి గుప్తమైన దారి వేసే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ఈ యంత్రంలో నడుస్తుంది, వేగమూ బాగుంటుంది.

ఇన్ని చెప్పాక కూడా దీన్ని తిరిగి ఇచ్చేయాలని నాకు అనిపించలేదు. సరైన కేబుల్, సీఎంఆర్ డిస్కులు, స్థిరమైన ఐపీ ఉన్న తర్వాత ఇది అడగకుండా పనిచేసుకుపోతుంది. కరెంటు పోయి వచ్చాక కూడా డిస్కులను సరిచూసుకుని తానే లేస్తుంది. నెట్‌వర్క్ గురించి కాస్త తెలిసినవారికీ, అలా తెలిసినవారు ఇంట్లో ఒకరున్నవారికీ ఐదుకు నాలుగు ఇస్తాను. ఏదైనా ఆగిపోతే యాప్ చెప్పేదాన్నే నమ్ముకోవలసినవారికి రెండున్నరకు మించి ఇవ్వలేను. తెలుగు పేర్లతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ తప్పనిసరిగా కావాలనుకునేవారు దీన్ని వదిలేసి, డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయగల పెట్టె చూసుకోవాలి. అదే కంపెనీ నాలుగు డిస్కుల మోడల్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఇదే కాబట్టి అందులోకి మారినంత మాత్రాన ఈ ఇబ్బందుల్లో ఒక్కటీ తీరదు. ఆ అదనపు డబ్బు మంచి డిస్కుల మీద, బ్యాకప్ కోసం విడిగా ఉంచే ఒక యూఎస్‌బీ డ్రైవ్ మీద పెట్టడం మేలు.